వెనక గదికి నెట్ అందకపోతే ప్లాన్ పెంచకండి, తీగ లాగండి

మాస్టారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నరసన్నపేట దగ్గర పల్లెలో వరస ఇల్లు. వెడల్పు పద్నాలుగు అడుగులు, పొడవు అరవై పైనే. నెట్ బాక్సు వీధి గదిలో తలుపు పక్కన మేకుకి వేలాడుతోంది. మీ అబ్బాయి బెంగళూరు కంపెనీ పని పెరటివైపు కొత్తగా వేసిన స్లాబు గదిలో కూర్చుని చేసుకుంటున్నాడు. మీటింగు మధ్యలో మాట తెగిపోతోంది. ప్లాను 100 ఎంబీపీఎస్. ఫోన్లో చూస్తే వీధి గదిలో 90 వస్తోంది, వెనక గదిలో 4 దాటడం లేదు. నెట్ ఇచ్చినాయన 300 ప్లానుకి మారమంటున్నాడు, కొట్టులో రిపీటర్, అంటే వై-ఫై సిగ్నల్ అందుకుని మళ్ళీ పంపే చిన్న పెట్టె, కొనమంటున్నారు. రెండింట్లో ఏది చెయ్యాలని అడిగారు.

రెండూ వద్దు. విజయనగరంలో ఇళ్లకీ చిన్న ఆఫీసులకీ నెట్‌వర్క్ తీగలు వేసే పని ఇరవై ఏళ్లుగా చేస్తున్నాను. మీలాంటి ఇళ్లు చాలా చూశాను. కొంచెం పొడుగ్గా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

మీరు రాసిన రెండు అంకెల్లోనే జవాబు ఉంది. వీధి గదిలో 90 వస్తోందంటే, మీరు డబ్బు కట్టిన నెట్ మీ గుమ్మం దాకా పూర్తిగా వస్తోంది. అక్కడి నుంచి పెరటి గదికి వెళ్ళే దారిలోనే పోతోంది. రేపు 300 ప్లాను తీసుకుంటే వీధి గదిలో ఇంకా ఎక్కువ చూపిస్తుంది, పెరటి గదిలో మాత్రం అదే 4 ఉంటుంది. నెలనెలా అదనంగా కట్టడం తప్ప ఒరిగేదేమీ లేదు. అసలు మీ ఇంటికి ఎంత కావాలో చూడండి. మంచి నాణ్యత ఉన్న వీడియో మీటింగుకి రానూ పోనూ 3, 4 ఎంబీపీఎస్ చాలు. టీవీలో హెచ్‌డీ సినిమాకి 5 సరిపోతుంది. 4కే బొమ్మ అయితే 15 నుంచి 25 దాకా తీసుకుంటుంది. ఐదుగురున్న ఇంట్లో అందరూ ఒకేసారి కూర్చున్నా 100 నిండడం కష్టం.

మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో వరస ఇల్లు ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. వీధి అరుగు, వీధి గది, నట్టిల్లు, వంటిల్లు, పెరడు, అన్నీ ఒకే గీత మీద ఉంటాయి. అటూ ఇటూ గోడలు పక్కింటివాళ్ళతో ఉమ్మడి. మనుషులకి ఈ ఇల్లు బాగుంటుంది, వై-ఫైకి మాత్రం ఇంతకంటే కష్టమైన ఆకారం లేదు. చదరంగా ఉన్న ఇంట్లో మధ్యలో బాక్సు పెడితే ఏ గదికైనా ఒక గోడే అడ్డం. మీ ఇంట్లో ఒక కొసన ఉన్న బాక్సు రెండో కొసకి చేరాలంటే మూడు నాలుగు గోడలు వరసగా దాటాలి. వాటిలో పాతవి సున్నం, ఇటుకతో కట్టిన అడుగు మందం గోడలై ఉంటాయి. దారిలో ఇనప బీరువా ఉంటే సిగ్నల్ దాన్ని దాటదు, తిరిగి వస్తుంది. వంటింట్లో ఫ్రిజ్, నీళ్ళ డ్రమ్ము కూడా అడ్డమే. నీరు రేడియో తరంగాలని బాగా పీల్చేసుకుంటుంది. కొత్త గదికి స్లాబు, పిల్లర్లు వేశారన్నారు కాబట్టి అక్కడ ఇనప ఊచలు కూడా తోడయ్యాయి.

సిగ్నల్ ఎంతుందో ఫోన్లో గీతలు చూసి నమ్మకండి. ఆండ్రాయిడ్ ఫోన్లో వై-ఫై ఎనలైజర్ రకం యాప్ ఒకటి వేసుకుంటే సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే కొలతలో చూపిస్తుంది. అది మైనస్ అంకె, సున్నాకి దగ్గరగా ఉన్నకొద్దీ మంచిది. మైనస్ 50 అంటే చాలా బాగున్నట్టు. మైనస్ 67 దాకా వీడియో మీటింగు సాఫీగా జరుగుతుంది. 75 దాటితే తడబాటు మొదలవుతుంది. 80 దగ్గర ఫోను కనెక్టయినట్టే చూపిస్తుంది గానీ పని జరగదు. ఈ లెక్కలో 3 తగ్గితే బలం సగమైపోతుంది, 10 తగ్గితే పదో వంతు అవుతుంది. వీధి గదిలో మైనస్ 50, పెరటి గదిలో మైనస్ 80 ఉందనుకోండి. తేడా 30 అంటే వెయ్యో వంతు సిగ్నల్ మాత్రమే అక్కడికి చేరుతోందన్నమాట. సిగ్నల్ బలహీనపడినప్పుడు బాక్సు కూడా నెమ్మదిగా, విడివిడిగా మాట్లాడటం మొదలుపెడుతుంది. అవతలివాళ్ళకి సరిగా వినబడనప్పుడు మనం ఒక్కో మాటా సాగదీసి చెప్పినట్టే. వేగం పడిపోవడానికి కారణం అదే.

మీరు చివర్లో ఇంకో మాట అడిగారు, ఆరు యాంటెన్నాల పెద్ద రౌటర్ కొంటే సరిపోతుందా అని. చాలామంది అక్కడే డబ్బు పోగొట్టుకుంటారు. పెద్ద రౌటర్ గట్టిగా మాట్లాడితే మాట్లాడొచ్చు. మీ అబ్బాయి ల్యాప్‌టాప్ కూడా తిరిగి జవాబు చెప్పాలి కదా. ల్యాప్‌టాప్‌లోనూ ఫోన్లోనూ ఉన్న రేడియో చిన్నది, దాని గొంతు నాలుగు గోడలు దాటదు. అందుకే గీతలు నిండుగా కనబడుతున్నా మీటింగులో అబ్బాయి మాట అవతలివాళ్ళకి వెళ్ళకపోవచ్చు. ఇక్కడ గొంతు పెంచడం కాదు, దూరం తగ్గించడమే కావాలి.

దూరం తగ్గించడానికి మొదటి మార్గం, పెద్దగా ఖర్చు లేనిది, బాక్సుని వీధి తలుపు దగ్గర నుంచి నట్టింట్లోకి మార్చడం. తలుపు పక్కన ఎందుకు పెట్టారో నాకు తెలుసు. తీగ తక్కువ పడుతుంది, పని పావుగంటలో అయిపోతుంది. మీరు అడిగితే ఫైబర్ తీగ ఇంకో ఆరేడు మీటర్లు లోపలికి లాగి ఇవ్వడం వాళ్ళకి కష్టమేమీ కాదు. ఆ పని మాత్రం మీరు చెయ్యకండి. ఫైబర్ లోపల ఉన్నది వెంట్రుకంత గాజు. దాన్ని మూల దగ్గర వేలు చుట్టూ చుట్టినట్టు వంచితే కాంతి బయటికి కారిపోతుంది. బాక్సుని నేల మీదా అటక మీదా పెట్టకుండా, మనిషి భుజం ఎత్తులో, టీవీ వెనక కాకుండా, ఎదురుగా ఖాళీ ఉన్నచోట పెట్టమనండి.

ఇదొక్కటి చేస్తే నట్టిల్లు, వంటిల్లు బాగుపడతాయి. పెరటి గది కూడా కొంత మెరుగవుతుంది, కానీ మీటింగు ఆధారపడేంత కాదు. రోజుకి ఎనిమిది గంటలు అబ్బాయి ఉద్యోగం ఆ గదిలో నడవాలి. దానికి తీగే లాగాలి.

తీగ అంటే క్యాట్ 6 అనే నెట్‌వర్క్ తీగ, ఆ పేరుతోనే అడగండి. బాక్సు నుంచి పెరటి గది దాకా వంపులతో కలిపి పాతిక మీటర్లు ఉంటుందేమో. ఈ తీగ 100 మీటర్ల దాకా సెకనుకి ఒక గిగాబిట్, అంటే 1000 ఎంబీపీఎస్, మోస్తుంది. అంటే మీ అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువ. కొనేటప్పుడు ఒక పరీక్ష చెయ్యండి. కొసన చర్మం ఒలిచి, లోపలి తీగని బ్లేడుతో గీకండి. లోపల కూడా ఎర్రగా ఉంటే రాగి. తెల్లగా తేలితే అల్యూమినియం మీద రాగి పూత. మన బజార్లలో తక్కువ ధరకి దొరికేది ఎక్కువగా ఇదే. మొదట బాగానే పనిచేస్తుంది, ఏడాది రెండేళ్ళకి కొసల్లో విరిగిపోతుంది. నేను పనిలో కొత్తగా ఉన్నప్పుడు రాజాం దగ్గర ఒక ఇంటికి తెలియక ఈ తీగే వేశాను. రెండో వేసవికి తిరిగి వెళ్ళి, గోడ వెంట వేసిందంతా పీకి మళ్ళీ వేయాల్సి వచ్చింది. ఆ ఇంటి పెద్దాయన ఒక్క మాట అనలేదు, దానికే నాకు ఎక్కువ బాధేసింది. అప్పటి నుంచి బ్లేడు జేబులో ఉంటుంది.

తీగని పక్క గోడ వెంట, తలుపుల పై ఎత్తులో, కేసింగ్ పట్టీలో పెట్టి తీసుకెళ్ళమనండి. కరెంటు తీగ ఉన్న పైపులో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయనివ్వకండి. అది ప్రమాదం కూడా. రెండూ పక్కపక్కనే సాగాల్సి వస్తే కనీసం అడుగు ఎడం ఉంచాలి, దాటాల్సి వస్తే అడ్డంగా ఒక్కచోట దాటాలి. నట్టిల్లు పెంకుటిల్లే అన్నారు. వాసాల మీదుగా వేస్తే ఎలుకలు వదలవు, పైపులోనే వెయ్యాలి. పెరట్లో ఆకాశం కింద ఉండే భాగానికి ఎండకి తట్టుకునే నల్ల చర్మం తీగ వేరే ఉంటుంది, అది అడగండి. గోడకి కన్నం వేసేటప్పుడు బయటివైపుకి కొంచెం వాలు పెడితే వాన నీరు లోపలికి రాదు. పనిలో పనిగా ఒకటికి రెండు తీగలు లాగించండి. మనిషి కూలీ ఎలాగూ ఇస్తారు, రెండోది తర్వాత ఎప్పుడైనా ఆదుకుంటుంది.

కొసన ప్లగ్గు బిగించేటప్పుడు రంగుల వరస ముఖ్యం. తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-ఆకుపచ్చ, నీలం, తెల్ల-నీలం, ఆకుపచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. రెండు కొసల్లోనూ ఇదే వరస. కొంతమంది ఎలక్ట్రీషియన్లు "రెండు వైపులా ఒకేలా ఉంటే చాలు కదా" అని తమకి తోచిన వరసలో పెడతారు. దీపం వెలుగుతుంది, నెట్ కూడా వస్తుంది. కానీ ఆ తీగలు జంటలుగా మెలేసి ఉండేది ఒక జంట గోల ఇంకో జంటకి తగలకుండా ఉండటానికి. వరస మారితే ఆ జంట విడిపోతుంది, పొడవాటి తీగలో తప్పులు మొదలవుతాయి. ఇంకో సంగతి. ఎనిమిదిలో ఒక తీగ సరిగా కూర్చోకపోయినా కొన్నిసార్లు లైన్ ఆగిపోకుండా 1000 నుంచి 100కి దిగిపోతుంది. ఆ తీగని ఒకసారి నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టి చూడండి, సెట్టింగుల్లో లింక్ వేగం 100 అని కనబడితే ప్లగ్గు మళ్ళీ బిగించమనండి. దానికి ముందు మీ బాక్సు వెనక చూడండి. చాలా ఫైబర్ బాక్సుల్లో ఒక్క పోర్టే గిగాబిట్, మిగిలినవి 100. తీగని గిగాబిట్ పోర్టులోనే పెట్టండి.

ఇప్పుడు పెరటి గదిలో రెండో బాక్సు. ఖరీదైనది అక్కర్లేదు. వై-ఫై నడిచే రెండు తరంగాల పట్టీలు, 2.4, 5 గిగాహెర్ట్జ్, రెండూ ఉండి, గిగాబిట్ పోర్టులున్న మామూలు వై-ఫై 5 లేదా వై-ఫై 6 రౌటర్ చాలు. దాని సెట్టింగుల్లో యాక్సెస్ పాయింట్ మోడ్, అంటే తీగలో వచ్చిన నెట్‌ని వై-ఫైగా ఇవ్వడం మాత్రమే చేసే పద్ధతి, ఉంటే అది నొక్కితే పని అయిపోయినట్టే. లేకపోతే మూడు పనులు చెయ్యాలి. మొదట దాని చిరునామాని ముందు బాక్సుతో తగవు రాకుండా మార్చండి, ముందుది 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వండి. తర్వాత దానిలో డీహెచ్‌సీపీ ఆపెయ్యండి, ఇంట్లో పరికరాలకి నంబర్లు ఇచ్చే పెద్ద ఒక్కరే ఉండాలి. చివరిగా తీగని దాని వాన్ పోర్టులో (బయటి నెట్ కోసం ఉన్నది) కాకుండా లాన్ పోర్టులో (ఇంట్లో పరికరాల కోసం ఉన్నది) పెట్టండి. పేరూ పాస్‌వర్డూ ముందు బాక్సుకి ఉన్నవే పెడితే, ఫోను పట్టుకుని ఇంట్లో అటూ ఇటూ తిరిగినా దానంతటదే మారుతుంది. కొన్ని ఫోన్లు పాత బాక్సునే పట్టుకు వేలాడతాయి. అలాంటప్పుడు ఒకసారి వై-ఫై ఆపి మళ్ళీ వేస్తే సరిపోతుంది.

అబ్బాయి ల్యాప్‌టాప్‌ని మాత్రం వై-ఫైతో కాకుండా, ఆ రెండో బాక్సు నుంచి చిన్న తీగతో నేరుగా కలపమనండి. ల్యాప్‌టాప్‌కి ఆ పోర్టు లేకపోతే యూఎస్‌బీ అడాప్టర్ దొరుకుతుంది. మీటింగుకి అంత నిలకడ ఇంకెందులోనూ రాదు. వీధి గదిలో టీవీని కూడా వీలైతే తీగతోనే కలపండి. గాలిలో నడిచే వై-ఫై ఒకే మైకు ఉన్న సభ లాంటిది. ఒక చానల్ మీద ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్ళు ఆగాలి. దూరంగా ఉండి నెమ్మదిగా మాట్లాడేవాడు మైకు ఎక్కువసేపు పట్టుకుంటాడు, అందరూ ఆలస్యమవుతారు. టీవీ, ల్యాప్‌టాప్ తీగ మీదికి వెళ్ళిపోతే మైకు ఫోన్లకి ఖాళీ అవుతుంది.

చానళ్ళ సంగతి వరస ఇళ్ళలో ఇంకా ముఖ్యం. ఎడమ గోడకి అవతల ఒక బాక్సు, కుడి గోడకి అవతల ఒకటి, ఎదురింట్లో ఒకటి ఉంటాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగలిగేవి మూడే చానళ్ళు, 1, 6, 11. ఎవరో 3 మీదో 9 మీదో పెడితే అటూ ఇటూ ఇద్దరినీ చెడగొడతారు. యాప్‌లో పక్కిళ్ళవాళ్ళు ఎక్కడున్నారో చూసి, ఈ మూడింట్లో ఖాళీగా ఉన్నది మీ ముందు బాక్సుకి పెట్టి, ఇంకొకటి వెనక బాక్సుకి పెట్టండి. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ ఉంచండి, 40 వద్దు. వంటింట్లో మైక్రోవేవ్ ఉంటే అది నడిచేది కూడా 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే, అది తిరుగుతున్నంతసేపూ ఆ పక్కన 2.4 తడబడుతుంది. 5 గిగాహెర్ట్జ్‌లో చోటు చాలా ఎక్కువ, గోడలు దాటలేకపోవడం అక్కడ మేలే, పక్కింటి గోల మీ దాకా రాదు. అక్కడ ముందు బాక్సుకి 36వ చానల్, వెనకదానికి 149వ చానల్ పెట్టి చూడండి.

రిపీటర్ వద్దని ఎందుకన్నానో చెప్పాలి. మామూలు రిపీటర్ ఒకే రేడియోతో విని, అదే రేడియోతో మళ్ళీ చెబుతుంది. కాబట్టి వేగం అక్కడే సుమారు సగమవుతుంది. అంతకంటే పెద్ద పొరపాటు, దాన్ని సిగ్నల్ లేని గదిలో పెట్టడం. తనకి వినబడనిది అది ఏం చెబుతుంది? నెల్లిమర్ల దగ్గర మా అక్కవాళ్ళింట్లో నేను లేనప్పుడు ఎవరో రిపీటర్ కొనిచ్చి వెనక గదిలో పెట్టారు. గీతలు నిండుగా ఉన్నాయి, నెట్ లేదు. మేనకోడలు పరీక్ష ఫీజు కట్టడానికి మేడెక్కి మొబైల్ డేటా వాడుకోవాల్సి వచ్చింది. గీతలు చూపించేది రిపీటర్‌కీ ఫోన్‌కీ మధ్య సిగ్నల్‌నే. అసలు బాక్సుకీ రిపీటర్‌కీ మధ్య ఏముందో అవి చెప్పవు. గోడ కన్నం పెట్టడానికి ఇంట్లో ఎవరూ ఒప్పుకోకపోతే, అప్పుడు రెండు మూడు ముక్కల మెష్, అంటే ఒకే వై-ఫైగా కలిసి పనిచేసే బాక్సుల సెట్టు, తీసుకోండి. మధ్య ముక్కని పెరటి గదిలో కాదు, మైనస్ 60, 65 ఉన్నచోట, బహుశా వంటింటి గుమ్మం దగ్గర పెట్టాలి. తీగంత నిలకడ రాదు గానీ పని నడుస్తుంది.

మేడ మీద గది వేసే ఆలోచన ఉందన్నారు. యాంటెన్నా చుట్టూ సిగ్నల్ గారె ఆకారంలో వ్యాపిస్తుంది. యాంటెన్నా గారె కన్నంలో నిలబెట్టిన పుల్ల. పక్కలకి బాగా వెళ్తుంది, పుల్ల కొసల వైపు దాదాపు ఉండదు. నిలువుగా పెట్టిన యాంటెన్నా అదే అంతస్తుకి మంచిది. పైకి కావాలంటే ఒకదాన్ని పడుకోబెట్టాలి. స్లాబు దాటడం మాత్రం కష్టమే, కట్టేటప్పుడే ఇంకో తీగకి పైపు వదిలెయ్యండి.

వై-ఫైకి సంబంధం లేని రెండు తప్పులు కూడా వై-ఫై మీద పడుతుంటాయి. బాక్సు మీద LOS అని రాసి ఉన్నచోట ఎర్ర లైటు వెలిగితే ఫైబర్ తెగినట్టో, దానిలో కాంతి రానట్టో, మీ ఇంట్లో ఏ సెట్టింగు మార్చినా లాభం లేదు. లైటు ఆకుపచ్చగానే ఉండి రోజులో పలుమార్లు తెగుతుంటే, బాక్సు సెట్టింగుల పేజీలో ఆప్టికల్ పవర్ అంకె, అంటే ఫైబర్‌లో వచ్చే కాంతి బలం, చూడండి. మైనస్ 27కి దగ్గరగానో, అంతకంటే దిగజారో ఉంటే బయట ఎక్కడో జాయింటు బాగాలేదు, నెట్ కంపెనీ లైన్ కుర్రాణ్ణి పిలవాలి. మన వైపు తీగలన్నీ స్తంభాల మీదే కదా. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఉద్దానంలో స్తంభాలు ఎలా ఒరిగాయో మీరే చూసి ఉంటారు. పెద్ద గాలి వీచిన వారానికల్లా ఈ అంకె ఒకసారి చూసుకోవడం మంచిది. సముద్రం దగ్గరలో ఉంటే ప్లగ్గుల్లో చిలుము పడుతుంది, అదీ ఏడాదికోసారి చూడండి.

కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు బాక్సు ఆరి వెలిగితే మీటింగు రెండు మూడు నిమిషాలు పోతుంది. రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. మీ బాక్సు అడాప్టర్ మీద 12 వోల్టులు అని ఉంటే 12దే కొనండి, ఆంపియర్లు రాసినదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. రెండో బాక్సుకి కూడా ఇంకొకటి. ఉరుములు మొదలైతే రెండు అడాప్టర్లూ, పెరట్లోంచి వచ్చే తీగా పీకి పక్కన పెట్టండి.

ఈ చివరి మాట మీ అబ్బాయి గురించి. మన జిల్లాల నుంచి పని కోసం ఊరు వదిలి వెళ్ళేవాళ్ళే ఎక్కువ. నాలుగు నెలలు అమ్మానాన్నల దగ్గరుండి పని చేసుకుంటానని ఒక పిల్లవాడు వచ్చాడంటే, ఒక తీగ లేక తిరిగి వెళ్ళిపోకూడదు. ఈ ఆదివారం ఆ యాప్ వేసుకుని, వీధి గదిలో, నట్టింట్లో, పెరటి గదిలో మైనస్ ఎంత ఉందో మూడు అంకెలు రాసుకోండి. బాక్సు వెనక పోర్టుల ఫోటో తీయండి. బాక్సు నుంచి పెరటి గది దాకా గోడ వెంట టేపు పట్టి పొడవు కొలవండి. ఈ మూడూ ఇక్కడ రాస్తే, తీగ ఎక్కడ గోడ దాటాలో, రెండో బాక్సు ఏ మూల పెట్టాలో నేను గీసి పంపిస్తాను.